తన వెఱ్ఱిని తానెఱిగిన చిత్రము

పెద్దలలో కొందఱు చలనచిత్రములను రెండు తెగలుగా విభజింతురు. ఉపదేశము గలవి చూడదగినవి. ఉపదేశము లేనివి చూడరానివి. ఈ విభాగముచొప్పున, 2018వ సంవత్సరమున అమెరికా, చైనా దేశములవారు కలిసి నిర్మించిన ‘ది మెగ్’ అను చిత్రము రెండవ తెగలో అట్టడుగున నుండవలెను. ఎన్నడో నశించిన యొక రాకాసి సొఱచేప సముద్రగర్భమునుండి వెడలివచ్చి పడవలను తలక్రిందులు చేయుట, మనుష్యులను మ్రింగుట, ఒక సాహసికుడు దానిని చంపుట: కథ యింతియే. ఇందు నీతి లేదు, చరిత్ర లేదు, శాస్త్రము పేరునకు మాత్రము కలదు. నా మిత్రుడొకడు, మంచి చదువరి, “ఇంతటి వెఱ్ఱిమొఱ్ఱి చిత్రమును నీవు రెండుమాఱులు చూచితివా?” యని నన్ను గద్దించెను. చూచితిని. చూచుటయే గాక, దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయవలసిన పని కూడ కలదని తలచుచున్నాను.

అసంభవమును చెప్పుటలో రెండు మార్గములు కలవు. ఇది యసంభవమని తానెఱిగి, వినువానికిని తెలియునట్లు నవ్వుచు చెప్పుట యొకటి. అసంభవమునకు సత్యవేషము తొడిగి, మొగము బిగించుకొని చెప్పుట రెండవది. మన యిండ్లలో మొదటిదానిని చూచి నొసలు చిట్లించు పెద్దలే రెండవదానికి పీట వేయుచున్నారు. ఈ రాకాసి చేపను గూర్చియే ఆ రెండు మార్గములును నడచినవి గనుక, వానిని ప్రక్కప్రక్కన నుంచి చూచుటకు మంచి యవకాశము దొరకినది.

ఈ చిత్రమునకు మూలము స్టీవ్ ఆల్టెన్ అను అమెరికను రచయిత 1997లో ప్రకటించిన నవల. నవల వెలువడిన కాలముననే సినిమా హక్కులు విక్రయమయ్యెను. పిదప అవి సంస్థనుండి సంస్థకు చేతులు మాఱి, ఇరువది యేండ్లు గడచినగాని కథ తెర కెక్కలేదు. దర్శకుడు జాన్ టర్టెల్టౌబ్. నాయకపాత్ర ధరించినవాడు జేసన్ స్టేథమ్ అను ఆంగ్లేయ నటుడు. ఈతడు నటుడు గాకమునుపు ఎత్తునుండి నీటిలోనికి దుముకు క్రీడను సాధన చేసి, 1990లో ఆక్లండు నగరమున జరిగిన కామన్వెల్తు క్రీడలలో ఇంగ్లండు పక్షమున పాల్గొనినవాడు. కాబట్టి ఈ చిత్రమున నీటిలో దుముకుట యొక్కటియైనను కల్ల కాదు.

కథను క్లుప్తముగా చెప్పెదను. జోనస్ టేలర్ అనువాడు సముద్రపు లోతులలో చిక్కుకొనినవారిని రక్షించుటలో నేర్పరి. ఒక జలాంతర్గామిని ఏదో మహాజంతువు వెలుపలినుండి నొక్కుచుండగా, అతడు కొందఱిని విడిచి తక్కినవారిని దక్కించుకొని వచ్చును. అతని మాట నెవ్వరును నమ్మరు. లోతున మతి చలించిన దందురు. అతడు థాయిలాండునకు పోయి త్రాగుచు కాలము గడపును. ఐదేండ్ల పిమ్మట, చైనా తీరమునకు దూరముగా నడిసముద్రమున నెలకొల్పిన యొక పరిశోధనాలయమునుండి ముగ్గురు మెరియానా అగాధములోనికి దిగుదురు. అగాధపు టడుగని లోకమనుకొనునది నిజమైన యడుగు కాదనియు, అది గంధకవాయువుతో కూడిన యొక చల్లని పొర యనియు, దాని క్రింద వెచ్చని నీటిలో వేఱొక లోకము దాగియున్నదనియు ఆ శాస్త్రజ్ఞుల యూహ. ఊహ నిజమగును, ముగ్గురును చిక్కుపడుదురు, జోనస్ వచ్చి యిద్దఱిని పైకి తెచ్చును. ఆ సందడిలో ఆ పొరకు గండి పడి, వారి వెనుకనే ఆ చేపయు పైకి వచ్చును. ఆ తరువాత నేమి జరుగునో చిన్నపిల్లలైనను చెప్పగలరు.

ఇట్టి కథను భయానకముగా నడుపవచ్చునా? నడుపవలెనని పూర్వము స్టీవెన్ స్పీల్బర్గ్ 1975లో ‘జాస్’ అను చిత్రమున నడిపెను. ఆ చిత్రముకొఱకు చేయించిన యంత్రపు చేప ఉప్పునీటిలో మాటిమాటికి చెడిపోవుచుండుటచేత, దర్శకునకు దానిని చూపుట కవకాశము తక్కువయయ్యెను. అతడు చేప నెంతో సేపు చూపకయే, కదలెడి నీటిని, వినవచ్చెడి వాద్యమును, తేలుచున్న పీపాలను చూపి చూపఱులకు వెఱపు పుట్టించెను. కనబడనిదానియందే భయము నివసించునని ఆ చిత్రము తెలిపినది. నలువది మూడేండ్ల తరువాత వచ్చిన మెగ్ చిత్రమువారికి ఆ యదృష్టము లేదు. వారి చేప గణకయంత్రములో పుట్టినది. అది చెడిపోదు, అలయదు, పిలిచినప్పుడెల్ల వచ్చి నోరు తెఱచును. అట్లు తనివితీర కనబడుదానిని చూచి యెంతసేపు భయపడగలము?

ఇచ్చట మన యాలంకారికుల మాట యొకటి యక్కఱకు వచ్చుచున్నది. భరతుడు భయానకమును హాస్యమును వేఱువేఱు రసములుగా నెన్నెను. అభినవగుప్తుడు వ్యాఖ్యానించుచు, ఏ రసమైనను ఔచిత్యము తప్పి ప్రవర్తించినయెడల హాస్యమునకు కారణ మగునని వివరించెను. సీతయందు రావణునికి గల మోహము శృంగారము కాదు, శృంగారాభాసము. కావ్యము మఱచి దానిని మాత్రమే చూచినవానికి నవ్వు వచ్చును. భయానకమునకును ఇదియే గతి. పదునైదడుగుల సొఱచేప మనుష్యుని వెంబడించినయెడల గుండె కొట్టుకొనును. డెబ్బదియైదడుగుల చేప వెంబడించిన నేమగును? అంత నోటికి మనుష్యుడు వక్కపలుకైనను కాడు. మనుష్యుని మ్రింగుటవలన దాని యాఁకలి తీరదు, వానిని తఱుముటకు దానికి కారణమును లేదు. కొలత పెరిగినకొలది భయము పెరుగవలసినది పోయి, ఒక హద్దు దాటిన పిదప తఱుగజొచ్చును. మంచి దర్శకుడు ఆ హద్దు నెఱుగును. టర్టెల్టౌబ్ ఆ హద్దును దాటినట్లు తానెఱిగి, భయమును బ్రతిమాలుట మాని నవ్వును పిలిచెను. ఈ చిత్రమునకు గల మెచ్చదగిన గుణ మిదియే.

హైనాను ద్వీపమందలి సాన్యా తీరమున జరుగు చివరిభాగమును చూడుడు. సముద్రతీరము జనులతో క్రిక్కిఱిసియున్నది. బొద్దుగా నున్న బాలుడొకడు చేత మంచుమిఠాయి పట్టుకొని నీటిలో దిగెదనని తల్లిని వేధించుచుండును. కొందఱు పెద్ద ప్లాస్టిక్కు గోళములలో దూఱి నీటిపై దొర్లుచుందురు. క్రిందినుండి చూచిన చేపకు అవి గాజుగిన్నెలలో నుంచిన తినుబండారములవలె నున్నవి. ఒక పెండ్లివారి నావ వచ్చును. ఆ నావనుండి పిప్పిను అను బొచ్చుకుక్కపిల్ల నీటిలో పడి, ఎవ్వరి గొడవయు పట్టనట్లు ఈదుకొనుచు పోవును. వేలమంది కేకలు వేయుచుండగా చూపఱుల మనస్సంతయు ఆ కుక్కపిల్లయందే లగ్నమై యుండునట్లు దర్శకుడు చేసినాడు. అది బ్రతుకునా? బ్రతుకును. బ్రతికినందుకు మన మెంత సంతోషింతుమో గమనించి, మనుష్యుల విషయమున అంత సంతోషింపలేదే యని మనలను జూచి మనమే నవ్వుకొందుము. ఇది మోటు హాస్యము కాదు. జోనస్ ఆ రాకాసికి ఎదురుగా ఒంటరిగా ఈదుచు ధైర్యముకొఱకు పిల్లల బొమ్మసినిమాలోని యొక చేప పాటను తనలో గొణుగుకొనుటయు, చిత్రము ముగిసినప్పుడు ఫ్రెంచిభాషలో సమాప్తమను నర్థమును, ఇంగ్లీషులో చేప ఱెక్క యను నర్థమును గల ‘ఫిన్’ అను మాట తెరపై వేయుటయు ఈ జాతిలోనివే.

పిల్లచేపను పెద్దచేప మ్రింగుట మనకు క్రొత్త గాదు. సంస్కృతమున తిమి యనగా నొక మహామత్స్యము. తిమిని మ్రింగునది తిమింగిలము. పూర్వు లంతటితో నూరకుండక, తిమింగిలమును కూడ మ్రింగు తిమింగిలగిలము నొకదానిని కల్పించిరి. ఆ శబ్దమును కూర్చిన పండితుడు చిఱునవ్వు నవ్వకుండ కూర్చియుండడని నా నమ్మకము. మెగ్ చిత్రమున సరిగా ఈ పదమే యొక దృశ్యమైనది. చేపను విషపు బాణముతో చంపి, నావమీదికి లాగి, దానిచెంత నిలుచుండి యందఱు సంబరపడుచుందురు. అంతలో దానికంటె పెద్దచేప నీటిలోనుండి యెగిరి, చచ్చిన చేపను, ఒక మనుష్యునితో కూడ, నోట కఱచుకొనిపోవును. చంపినది తిమింగిలము, వచ్చినది తిమింగిలగిలము. మాయాబజారు చిత్రమున (1957) ఘటోత్కచుడు పెండ్లివంటకములను కుప్పలు కుప్పలుగా మ్రింగుచుండగా, ఆయన కడుపు కొలత యెంతయని యడిగిన తెలుగువాడు లేడు. అట్టి కల్పనలయందు మనకు చిన్ననాటినుండి చనవు కలదు. ఆ చనవును ఇంగ్లీషు చిత్రముపట్ల మాత్రము చూపగూడదనుట న్యాయము గాదు.

భయమును పూర్తిగా విడిచిపెట్టినారని చెప్పరాదు. ఒక్కచోట మాత్రము వారు సాధించిరి. పరిశోధనాలయమున గాజుగోడల నడవ యొకటి కలదు. మేయింగ్ అను ఎనిమిదేండ్ల బాలిక రాత్రివేళ నచ్చట నొంటరిగా ఆడుకొనుచుండగా, చీకటినీటిలోనుండి ఆ చేప మెల్లగా వచ్చి, గాజును కొఱుకబోయి, సాధ్యము గాక మరలిపోవును. అంతయు నిశ్శబ్దముగా జరుగును. గాజుపై పండ్ల గుఱుతులు రెండువైపుల మిగిలియుండును. ఆ పాప యేడువదు; నిలుచుండి చూచును. ఈ నిమేషములో ఆ చేప కొలత మనకు తొలిసారిగా లోపలికి దిగును. ఇట్టివి మఱి రెండున్నయెడల ఈ చిత్రము వేఱు కోవకు చేరియుండెడిది.

దోషములు చెప్పక విడిచిన విమర్శ కానేరదు గనుక అవియు చెప్పెదను. దర్శకునకు తన వెఱ్ఱియందు పూర్తి విశ్వాసము లేదు. మొదటి గంటలో అతడు పలుమాఱు గంభీరుడగుటకు యత్నించును. అగాధమున చిక్కుకొనిన తోషి యను జపానీయుడు తన భార్యకు లేఖ వ్రాసి, తక్కిన యిద్దఱిని పంపివైచి తాను ప్రాణత్యాగము చేయును. ఇది యుదాత్తమైన ఘట్టము. కాని దాని తరువాత కొలది నిమేషములకే పరిహాసములు మొదలగును. పరిశోధనాలయాధిపతియైన ముసలి జాంగ్ మరణమునప్పుడు కూతురు తండ్రిని కౌగిలించుకొని విలపించును; వెంటనే చేపను తఱుముట కందఱును కడు నుత్సాహముతో బయలుదేఱుదురు. కరుణమును పిలిచి కూర్చుండ పెట్టి, మాటాడించకయే పంపివేసినట్లున్నది. కరుణము వలదనినయెడల మానవచ్చును. పిలిచినయెడల మర్యాద చేయవలెను. చివరి యరగంటయందున్న నిర్మొగమాటము మొదటినుండియు నున్నచో చిత్రమునకు ఏకత్వము కలిగియుండెడిది.

రెండవ దోషము మన సంస్కారాభిమానులు తప్పక గమనింపవలసినది. సుయిన్ అను స్త్రీపాత్ర శాస్త్రజ్ఞురాలు. భర్త విడిచిపోగా బిడ్డను తానే పెంచుకొనుచున్న తల్లి. లీ బింగ్‌బింగ్ అను చైనా నటి ఈ పాత్రను హుందాగా ధరించినది. ఎవరికిని చెప్పక అగాధములోనికి తొట్టతొలుత దిగున దామె. గాజువంటి పంజరములో దిగి చేపకు విషపు బాణము వేయునదియు నామెయే. ఇంత చేసియు, రెండుచోట్లను ఆమెను రక్షింపవలసినవాడు జోనస్! అగాధములో అతడు వెనుకనుండి వచ్చును; పంజరము చేప నోట చిక్కగా ఊపిరాడక పడియున్నయామెను అతడే తెచ్చును. స్త్రీకి ధైర్యము నిచ్చిరిగాని ఆ ధైర్యమునకు ఫలమును పురుషుని చేతికి ముట్టజెప్పిరి. పదేండ్లు నిండని కూతురు నాయకునికి తన తల్లి మనస్సును తెలుపు రాయబారము నడుపుట ముద్దుగానే యున్నదిగాని, శాస్త్రజ్ఞురాలి కథ అంతలో పెండ్లిచూపుల కథగా మాఱిపోవుచున్నది. 2023లో వచ్చిన రెండవ చిత్రమున ఈమె కనబడనే కనబడదు. రెండు చిత్రముల నడుమ మరణించినట్లు ఒక మాట చెప్పి సరిపుచ్చిరి. సొఱచేప చేయలేని పనిని కథకులు చేసిరి.

మోరిస్ అను ధనికుని పాత్రమాత్రము చక్కగా కుదిరినది. పరిశోధనాలయమునకు సొమ్మిచ్చినవాడు ఇతడు. ప్రభుత్వములకు కబురంపితినని యందఱితో చెప్పి, నిజమునకు పంపక, నష్టపరిహారపు వ్యాజ్యములకు వెఱచి, చేపను గుట్టుగా చంపవలెనని రాత్రివేళ బాంబులు వేయించును. తెల్లవాఱక చూచుకొనగా చచ్చినది చేప కాదు, ఒక తిమింగలము! పిదప ఇతడును చేప పాలగును. చేపల ఱెక్కలు కోసి పులుసుకొఱకు అమ్ముకొని, ఱెక్కలు లేని మొండెములను సముద్రమున పాఱవైచు దుండగుల పడవలు మూడు ముక్కలై తేలుచుండుటను కూడ ఒకచోట చూపిరి. ఉపదేశము కావలెనను పెద్దలు దానిని చూచి తృప్తిపడవచ్చును. చిత్రము దానిమీద నిలుచుండి ప్రసంగము చేయలేదు, అది మేలు.

ఇక శాస్త్రము. చిత్రము నవ్వుచు చెప్పిన కల్ల వెనుక నిజమైన జంతువొకటి కలదు. అది కల్లకంటె తక్కువ యద్భుతము గాదు. మెగలడాన్ అనగా గ్రీకుభాషలో పెద్దపన్ను. దాని పండ్లలో పెద్దవి 18 సెంటీమీటర్ల వఱకు నుండును. పూర్వము ఐరోపావారు ఇట్టి పండ్లు రాళ్ళలో దొరకగా, అవి రాయిగా మాఱిన నాలుకలని తలచి, విషమునకు విరుగుడని మెడలో కట్టుకొనెడివారు. 1666లో ఇటలీ దేశమున లివోర్నో చెంత పట్టుబడిన యొక పెద్ద సొఱచేప తలను ఫ్లారెన్సు నగరమునకు తేగా, స్టెనో యను డెన్మార్కు పండితుడు దానిని కోసి పరీక్షించి, ఆ రాతినాలుకలు పూర్వపు సొఱచేపల పండ్లే యని మఱుసటి సంవత్సరమున ప్రకటించెను. తాయెతు శాస్త్రమైనది. సొఱచేపకు ఎముకలు లేవు, మెత్తని మృదులాస్థియే. అది మట్టిలో నిలువదు గనుక మనకు దొరకినవి పండ్లును కొన్ని వెన్నుపూసలును మాత్రమే. వానినుండి శరీరపు పొడవును లెక్కింపవలెను. చాలకాలము 15 మొదలు 20 మీటర్ల వఱకు చెప్పుచుండిరి. 2025లో వెలువడిన యొక పరిశోధన 24 మీటర్ల వఱకు పెరిగియుండవచ్చునని సూచించెను. చిత్రములోని డెబ్బదియైదడుగులు సుమారు 23 మీటర్లు. సినిమావా రతిశయోక్తిగా వేసిన కొలతను శాస్త్రము వెనుకనుండి వచ్చి దాటినదన్నమాట!

కాని అగాధమున దాగియుండుట మాత్రము పొసగదు. ఈ చేప తీరములకు చేరువగా, వెచ్చనినీటిలో తిరిగి, తిమింగలములవంటి కొవ్వుగల జంతువులను తిని బ్రదికినది. మెరియానా అగాధము సుమారు 11 కిలోమీటర్ల లోతు. అచ్చటి నీరు గడ్డకట్టుటకు కొలది డిగ్రీల దూరమున నుండును. పైనున్న గాలి యొత్తిడికి వేయిరెట్లు మించిన యొత్తిడి. అంత దేహమునకు చాలిన యాహారము లేదు. సొఱచేపలు సాధారణముగా మూడు కిలోమీటర్ల క్రిందికి పోవు. మీదుమిక్కిలి సొఱచేప తన జీవితమున వేలకొలది పండ్లను రాల్చుకొనును. అది నేటికిని బ్రదికియున్నచో క్రొత్తపండ్లు ఎచ్చటనైన దొరకవలెను. దొరకినవన్నియు ప్రాఁతవే. 1872 మొదలు 1876 వఱకు సముద్రములను శోధించిన ‘చాలెంజర్’ అను నావ పసిఫిక్కు అడుగునుండి ఇట్టి పండ్లను పైకి తీసినది. వానిమీద పేరుకొనిన మాంగనీసు పొర మందమును బట్టి 1959లో ఒక పరిశోధకుడు కొన్నిటి వయస్సు పదునొకండు వేలనియు ఇరువది నాలుగు వేల యేండ్లనియు లెక్కవేసెను. ఆ పొర పెరుగు వేగము అంతట నొక్కటి కాదు గనుక ఆ లెక్క నిలువలేదు. చేప సుమారు 36 లక్షల యేండ్లక్రిందటనే నశించినదని నేటి నిర్ణయము. నిలువని యా లెక్కను పట్టుకొనియే చేప బ్రదికియున్నదని వాదించువారు నేటికిని కలరు.

ఇప్పుడు రెండవ మార్గమునకు వచ్చుచున్నాను. 2013 ఆగస్టు మాసమున డిస్కవరీ అను టెలివిజను సంస్థవారు, విజ్ఞానప్రసారములకు పేరుగన్నవారు, మెగలడాన్ ఇంకను జీవించియున్నదను నర్థమిచ్చు పేరుతో ఒక కార్యక్రమమును ప్రసారము చేసిరి. దక్షిణాఫ్రికా తీరమున ఒక పడవ మునిగెననియు, అందలివారు మాయమైరనియు, శాస్త్రజ్ఞులు వెదకుచున్నారనియు చూపిరి. ఆ శాస్త్రజ్ఞులు వేషధారులైన నటులు. ఆ ఛాయాచిత్రములు కల్పితములు. ఇందు కొన్ని సంఘటనలు నాటకీకరింపబడినవని చివర నొక చిన్న ప్రకటన క్షణకాలము మెఱసి పోయెను. సుమారు 48 లక్షలమంది చూచిరి. సొఱచేపలను గూర్చి యా సంస్థ యేటేట జరుపు వారోత్సవములలో అంతవఱకు దేనికిని అంతమంది చూపఱులు లేరు. నిజమైన శాస్త్రజ్ఞులు మండిపడిరి. కాని మండిపడుట కంటె నమ్ముట సులభము, నమ్మినవారు అనేకులు.

దీని ఫలమును నేను నా తరగతిగదిలో చూచుచున్నాను. మెగ్ చిత్రము చూచివచ్చిన పిల్లలలో ఒక్కడును ఆ చేప నిజమని చెప్పలేదు. ఎట్లు దుమికినది, ఎవరిని మ్రింగినది యని నటించి చూపి నవ్వించిరి. చేప అగాధమున నేటికిని కలదని, ప్రభుత్వములు దాచుచున్నవని నాతో పట్టుదలగా వాదించిన బాలుడు ఆ సినిమా చూడనే లేదు. అతడు తండ్రి చేతిఫోనులో, గంభీరస్వరముతో వ్యాఖ్యానము వినిపించు చిన్నచిన్న దృశ్యములు చూచినవాడు. తండ్రి చదువుకొనినవాడే. సినిమాలు పిల్లలను చెఱచునని యింట సినిమా మాన్పించి, “విజ్ఞానము కదా” యని ఇవి చూడనిచ్చెను. ఏ కల్లకు తలుపు మూసి, ఏ కల్లకు తలుపు తెఱచినాడో ఆయన గమనింపలేదు. మన యిండ్లలో గ్రహశాంతులు, మంత్రపు నీళ్ళు, సర్వరోగనివారిణులు అమ్ముకొనువారు నవ్వుచు వచ్చుట లేదు. ఎల్లప్పుడును గంభీరవదనులై, నేడు శాస్త్రపుమాటలు కూడ నేర్చుకొని, వచ్చుచున్నారు.

గంభీరముగా చెప్పిన కల్ల ఎంతకు తెచ్చునో ‘జాస్’ కథయే చెప్పుచున్నది. అది గొప్ప చిత్రము, మెగ్ దాని కాలిగోటికి చాలదు. అయినను, సొఱచేప పగబట్టి మనుష్యుని వెదకి చంపునను భావమును అది జనుల గుండెలలో నాటెను. నవలను వ్రాసిన పీటర్ బెంచ్లీ పిదప పశ్చాత్తాపపడి, తన శేషజీవితమును సొఱచేపల రక్షణకై మాటాడుటలో గడపెను. స్పీల్బర్గ్ సైతము, తన చిత్రమువలన ఆ జాతికి కలిగిన హానికి విచారించుచున్నానని 2022లో చెప్పెను. లెక్క చూడుడు: ప్రపంచమున ఏటేట సొఱచేపల కాటునకు, అవి తమంతట తాము దాడిచేయగా, చనిపోవు మనుష్యులు సగటున పదిమందికి లోపు. మనుష్యుల చేతిలో చచ్చు సొఱచేపలు ఏటికి సుమారు పది కోట్లని 2013లో శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. నోరు పెద్దది ఎవరిదో చదువరులే చెప్పవలెను. మెగ్ చిత్రము చూచి ఎవ్వడును గాలము పట్టుకొని సొఱచేపలపై పగతీర్చుకొనుటకు బయలుదేఱినట్లు నేను వినలేదు. నవ్వినవాడు పగ పట్టుట అరుదు.

ఈ చిత్రము ప్రపంచమంతట సుమారు 53 కోట్ల డాలర్లు గడించెను. కావున రెండవ చిత్రము తప్పలేదు. 2023లో బెన్ వీట్లీ యను దర్శకుడు దానిని తీసెను. ఆరంభమున ఆఱున్నర కోట్ల యేండ్లనాటి తీరమును చూపి, అచ్చట టిరనోసారస్ అను బల్లిరాక్షసిని మెగలడాన్ చేత మ్రింగించినాడు. ఈ చేప భూమిమీద పుట్టినది సుమారు 2 కోట్ల 30 లక్షల యేండ్లక్రిందట మాత్రమే. ఆ బల్లి గతించిన నాలుగు కోట్ల యేండ్లకు పైగా గడచిన తరువాత! ఆ రెంటిని కలుపుట అశోకుని కొలువులో తుపాకి ప్రేలిచినదానికంటె వింత. దీనిని నేను పిల్లలకు తప్పు పట్టుమని ఇచ్చితిని. ఒక బాలిక రెండు నిమేషములలో పట్టినది. ఇట్టి తప్పు వలన నష్టము లేదు. నష్టము తరువాతి గంటలో కలదు. అగాధపు నేలమీద కవచములు తొడిగికొని చీకటిలో నడుచుట, దొంగతనముగా గనులు త్రవ్వువారి కుట్ర, ద్రోహము, ప్రతీకారము: అన్నియు మొగము ముడుచుకొని, నవ్వు లేకుండ. జోనస్ ఇరువదియైదు వేల యడుగుల లోతున కవచము లేక నీటిలో ఈదును. దానికి ముక్కులోని గదులను నీటితో నింపుకొనిన చాలునని వివరణము కూడ నిత్తురు. వివరింపకున్న నవ్వుకొని యూరకుందుము గదా! కొసను విహారద్వీపమునకు వచ్చినప్పుడు మాత్రము మూడు మెగలడానులు, ఒక మహా అష్టపాది, అసంఖ్యాకములైన చిన్న బల్లులు నొక్కమాఱుగా తీరముపై పడగా, నాయకుడు విఱిగిన హెలికాప్టరు ఱెక్కతో చేపను పొడుచును. చిత్రమునకు ప్రాణము లేచివచ్చును. రెండవ చిత్రమును చూడదలచిన గృహస్థులు మొదటి గంట గడచి, భోజనములు ముగించుకొని, అప్పుడు పిల్లలతో కూర్చున్నను కోల్పోవున దేమియు లేదు.